చిలికాలో డాల్ఫిన్లను చూడబోయేవారికి

ప్రవక్త యూనుస్ (అలైహిస్సలాం) గాథ విన్న పిల్లలు తిమింగలాన్ని చూపించమని అడగడంలో వింత లేదు. అయితే గడ్డిఅన్నారంలో ఉండే కుటుంబానికి అది తేలిక కాదు. నీలి తిమింగలాలను పడవపై వెళ్లి చూడాలంటే శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సా వరకు పోవాలి. సామాన్య గృహస్థునికి అది మించిన భారం. రైలులో పూరీ వరకు వెళ్లి, అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు రోడ్డు మార్గాన పోతే చిలికా సరస్సు ఒడ్డున సాతపడా వస్తుంది. అక్కడ కనిపించేది తిమింగలానికి దగ్గరి చుట్టమైన ఇరావడీ డాల్ఫిన్.

పేరు బర్మా నదిదే అయినా ఈ జీవికి మన తీరంతో పాత సంబంధం ఉంది. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన డాల్ఫిన్ ఆధారంగానే రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1866లో ఈ జాతిని తొలిసారి వర్ణించాడు. దీనికి గుండ్రని తల, వీపుపై చిన్న రెక్క ఉంటాయి. ఇది చేప కాదు, పిల్లకు పాలిచ్చే జీవి. మొప్పలు లేవు గనుక ఊపిరి కోసం మాటిమాటికీ నీటిపైకి రావలసిందే. పడవలోని వారికి దర్శనమిచ్చేది ఆ ఊపిరి తీసుకునే క్షణమే.

ఆ క్షణాన్ని మనం ఎలా చూస్తున్నాం? పడవ నడిపే వ్యక్తి చేతిలో మరో వంద రూపాయలు పెట్టి "ఇంకా దగ్గరికి పోనివ్వు" అనడం మనలో చాలామందికి అలవాటు. డాల్ఫిన్ తాను చేసే ధ్వని తిరిగి వచ్చే తీరును బట్టి దారిని, ఆహారాన్ని గుర్తిస్తుంది. చుట్టూ ఇంజన్లు మోగుతుంటే దానికి కళ్లకు గంతలు కట్టినట్లే. పడవల పంకాలు తగిలి, వలల్లో చిక్కి మరణించినవీ ఉన్నాయి. చిలికాలో ఉన్నవే దాదాపు 150. పక్షి పిల్లలను సహచరులు పట్టుకోగా, తల్లి పక్షి తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించారు దైవప్రవక్త (స). తల్లి వెంట ఈదే డాల్ఫిన్ పిల్లను తరమడం మన వినోదం ఎలా అవుతుంది?

తప్పంతా పడవవారిపై నెట్టడం న్యాయం కాదు. డాల్ఫిన్ కనబడకపోతే ప్రయాణికులు ముఖం చిట్లిస్తారు, బేరానికి దిగుతారు. అందుకే వారు వెంటపడతారు. కనుక ఎక్కకముందే, ఒడ్డునే చెప్పండి: "కనిపించినా, కనిపించకపోయినా మీ కిరాయి మీదే. దూరంలోనే ఇంజను ఆపండి." ఇంజను ఆగిన తరువాత కొంత ఓపిక పట్టాలి. అదృష్టముంటే ముందు కళ్లకు కాదు, చెవులకే తెలుస్తుంది. నీటిపై బుస్సుమని వదిలిన శ్వాస వినిపిస్తుంది.

ఉదయమే బయలుదేరితే జుహ్ర్ వేళకు ఒడ్డు చేరవచ్చు. ఆలస్యమై నమాజు వేళ దాటిపోయేలా ఉంటే, నిలబడటం సాధ్యం కాని పడవలో కూర్చునే నెరవేర్చవచ్చు. పిల్లలకు లైఫ్ జాకెట్లు మాత్రం పడవ కదలకముందే తొడిగించండి.