సంచి తీసేస్తే నొప్పి పోద్దా?

మొన్న మామిడి కోతలప్పుడు ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా రెడ్డిగూడెం మండలంలోనే ఊరు, పేరు వద్దులే. 27 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. నెల వచ్చిందంటే మూడు రోజులు మంచం దిగలేదు. తోటలో కాయలు ఏరే పనికి పోద్ది, ఆ మూడు రోజుల కూలీ పోయినట్టే. "అక్కా, స్కానింగులో చాక్లెట్ సిస్టు ఉందన్నారు. ఎట్టాగూ పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీసేస్తే పీడా పోద్ది అంటన్నారు. శుక్రవారం రమ్మన్నారు. తోట పాడుకున్న షావుకారు దగ్గర డబ్బులు కూడా తీసుకున్నాం. పోనా?"

నేను డాక్టర్ని కాను. పదో తరగతితో ఆపేసినదాన్ని. కానీ ఈ "పోనా" అనే ప్రశ్న ఇరవయ్యేళ్లుగా వింటన్నా కాబట్టి దొరికిందల్లా చదువుకున్నా, దొరికిన డాక్టరమ్మనల్లా విసిగించా. అందులో తేలింది మీకు చెప్తన్నా. తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్ల గొడవ అని ఫోన్ పక్కన పడేయకండి. రేపు మీ ఇంట్లో ఆ డబ్బు తెచ్చేది మీరే.

ముందు లెక్క. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తంలో నూటికి ముగ్గురు. మన ఆంధ్రలో తొమ్మిది మందికి దగ్గర. 2015-16లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది ఇదే, 2019-21 సర్వే చెప్పిందీ ఇదే. మన ఆడవాళ్లకి మాత్రమే మూడింతలు జబ్బులొస్తయ్యా? నేను నమ్మను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ప్రైవేటు ఆసుపత్రుల్లో అవసరం లేకుండా సంచులు తీసేస్తన్నారని గొడవై, ప్రభుత్వం కార్డు మీద ఆ ఆపరేషన్‌ని సర్కారు ఆసుపత్రులకి పరిమితం చేసింది. కార్డు మీద ఆగింది. అప్పు మీద ఆగలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి జబ్బు సంగతి. దాని పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల నెలనెలా పెరిగి రాలిపోయే పొర ఉంటది కదా, అట్టాంటి పొరే సంచి బయట పుడద్ది. అండాశయం మీద, సంచి వెనకాల, ఒక్కోసారి పేగు మీద, మూత్రసంచి మీద. నెల వచ్చినప్పుడు అదీ రక్తం కారుస్తది, కానీ బయటికి పోయే దారి లేదు. అక్కడే గడ్డకట్టి, వాపొచ్చి, లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతయ్. అండాశయంలో ఆ పాత రక్తం ముదురు గోధుమ రంగులో పేరుకుంటే అదే చాక్లెట్ సిస్టు. ప్రపంచంలో నెలసరి వయసు ఆడవాళ్లలో పదిమందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటంది. స్కానింగులో ఏమీ కనపడకపోయినా ఉండొచ్చు.

జబ్బు ఉన్నది సంచి బయట. మరి సంచి తీసేసి, బయటున్న జబ్బుని అక్కడే వదిలేస్తే? కాపు తెగులు పక్క చెట్లకి పాకితే ఒక్క చెట్టు నరికి ఇంటికొచ్చినట్టు.

అసలు అందరికీ కత్తి అక్కర్లేదు. చాలామందికి ముందు హార్మోన్ మాత్రలు ఇస్తారు, డైనోజెస్ట్ లాంటివి. హార్మోన్ వదిలే లూపు కూడా ఉంది. వాడినంతకాలం నొప్పిని అణుస్తయ్, ఆపితే నొప్పి మళ్లీ రావొచ్చు. మందులకి లొంగకపోతేనో, సిస్టు పెద్దదైతేనో, పిల్లలు నిలవకపోతేనో ఆపరేషన్ మాట వస్తది. అదైనా ముందు లాపరోస్కోపీ. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తా ఆ పొరని కోసి తీసేస్తారు, లేదా కాలుస్తారు. లోతుగా పాతుకున్నదాన్ని పైపైన కాలిస్తే అడుగున మిగిలిపోద్ది. చాక్లెట్ సిస్టుకైతే నీరు లాగేసి వదిలితే మళ్లీ నిండే అవకాశం ఎక్కువ, గోడతో సహా ఒలిచి తియ్యాలి. అయితే ఒలిచేటప్పుడు దాంతోపాటు కొన్ని మంచి అండాలూ పోతయ్. అందుకని ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష గురించి అడగండి. పేగుకి అంటుకుని ఉంటే, పేగు ఆపరేషన్ చేసే డాక్టరు కూడా బల్ల దగ్గర ఉండాలి. ఇది చిన్న నర్సింగ్‌హోమ్‌లో అయ్యే పని కాదు.

సంచి తియ్యడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. అదే పొర సంచి గోడలోకీ పాకినవాళ్లున్నారు, దాన్ని ఎడినోమయోసిస్ అంటారు. ఏ మందూ పనిచెయ్యక, ఇక పిల్లలు వద్దనుకుని, అన్నీ తెలిసి తీయించుకుని హాయిగా ఉన్నవాళ్లని నాకు తెలుసు. వాళ్లకి కూడా బయటున్న జబ్బుని తీస్తేనే ఫలితం. నా భయం సంచి కన్నా అండాశయాల గురించి. "పన్లో పని" అని అవి కూడా తీసేస్తే 27 ఏళ్లకే ముట్లుడిగినట్టు. ఒంట్లో మంటలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెకీ ముప్పే. తియ్యక తప్పకపోతే ఆ తర్వాత హార్మోన్ మందు వాడాలో లేదో డాక్టరు చెప్పాలి. మా పిన్నికి 33 ఏళ్లకి రెండూ తీసేశారు. తీశారన్న సంగతి ఆమెకి తెలిసింది నాలుగేళ్ల తర్వాత, నడుం విరిగి వేరే ఆసుపత్రికి పోయినప్పుడు.

సరిగ్గా ఇట్టాంటి గొడవే సుప్రీంకోర్టు దాకా పోయింది. సమీరా కోహ్లీ అని ఢిల్లీలో 44 ఏళ్ల పెళ్లికాని ఆవిడ. 1995లో లోపల ఏముందో చూడ్డానికి లాపరోస్కోపీ అని మత్తిచ్చారు. చూస్తే ఎండోమెట్రియోసిస్. ఆవిడ మత్తులో ఉండగానే బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరిలో కోర్టు చెప్పింది: చూడ్డానికి ఇచ్చిన ఒప్పుదల తియ్యడానికి చెల్లదు. ప్రాణం మీదకి రానప్పుడు, తెలివొచ్చాక ఆవిడనే అడగాలి, తల్లి ఒప్పుకుంటే చాలదు. ఫీజు వదులుకోమని, పాతికవేలు పరిహారం ఇవ్వమని తీర్పు. పాతికవేలు ఏ మూలకి అనుకోండి, కానీ ఆ మాట మనకి కావాల్సింది. తల్లికే ఆ హక్కు లేనప్పుడు మొగుడికీ, అత్తకీ, తీసుకెళ్లిన ఆర్‌ఎంపీకీ ఎక్కడిది? 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు, అనవసరపు సంచి ఆపరేషన్లని ఆపే కేంద్రం మార్గదర్శకాలు అమలు చెయ్యమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మన జిల్లాలో ఎంతవరకు చేశారో అడగాల్సింది మనమే.

ఆ అమ్మాయికి నేను "పో" అనలేదు, "వద్దు" అనీ అనలేదు. ఆపరేషన్ చేసేవాళ్లని నాలుగు మాటలు అడగమన్నా. తీసేది జబ్బునా, సంచినా? అండాశయాలు ఉంచుతారా? ముందు మాత్రలు ఎందుకు ఇవ్వలేదు? మళ్లీ రాకుండా తర్వాత ఏం వాడాలి? అడిగితే కసురుకున్నారంట. శుక్రవారం పోలేదు. తీసుకున్న డబ్బులు షావుకారుకి తిరిగిచ్చేశారు, వడ్డీ మాత్రం పట్టుకున్నాడు. స్కానింగు కాగితాలు తీసుకుని సోమవారం విజయవాడ పెద్దాసుపత్రికి పోతన్నాం, నేనూ, తనూ, వాళ్లాయనా. వాళ్లాయన ఒక రోజు కోత మానుకుని వస్తన్నాడు.