నాటకమునందలి యుద్ధమును, చేతి తొడుగులును

కొత్తగూడ అడవిమీద చలి దిగునప్పటికి మా పాఠశాలయందు వార్షికోత్సవపు సన్నాహములు ప్రారంభమగును. ఒక ప్రక్క పాటల జట్టు, ఒక ప్రక్క కోలాటపు జట్టు, ఇంకొక ప్రక్క క్రిస్మసు నాటకమునకు గట్టిన దేవదూతల రెక్కలను విప్పి పెట్టెలలో దాచువారు. వీరందరికంటె నెక్కువ సద్దు చేయువారు యుద్ధఘట్టము నభినయించు విద్యార్థులు. ఓరుగల్లు సమీపమున నుండుటచేత గాబోలు, ఏ సంవత్సరమైనను కాకతీయుల కథ లేనిదే మా పిల్లలకు పండుగ కాదు. 2015వ సంవత్సరమున రుద్రమదేవి, బాహుబలి చలనచిత్రములు వచ్చిన పిమ్మట ఈ యుత్సాహము రెట్టింపైనది. ఆ యుద్ధఘట్టమునందు పిల్లలు చేతులకు దొడుగుకొను కవచములను గూర్చి యిచట మా యభిప్రాయము చెప్పదలచితిమి. విషయము మిక్కిలి చిన్నదని కొందరు నవ్వవచ్చును. గత సంవత్సరము వరకు మేమును నవ్వినవారమే.

గత వార్షికోత్సవమునకు వేషములను అద్దెకు దెప్పించితిమి. వానిలో చేతి తొడుగులు రెండు జతలు వచ్చినవి. పలుచని రేకుతో జేసి, వెండి రంగు పూసి, పెద్దవాని చేతికి సరిపోవునట్లు కుట్టినవి. పదవ తరగతి విద్యార్థి యొకడు వానిని దొడుగుకొని, "సార్, లోపల వేళ్లు తిరుగుతున్నయి" అని మాతో జెప్పెను. మేము గుడ్డపీలికలు లోపల గూర్చి, ఇక బిగువుగా నున్నది పొమ్మని పంపితిమి. ఆ సాయంకాలమే అభ్యాసమునందు ఎదుటివాని కొయ్యకత్తి వచ్చి వ్రేళ్ల కణుపులమీద దగిలెను. దెబ్బ పెద్దది కాదు. కాని రేకు లోపలికి మడిగి, దాని యంచునకును కత్తిపిడికిని నడుమ బాలుని ఉంగరపు వ్రేలు నలిగి యెముక విరిగెను. వట్టిచేతికి ఆ కొయ్య తగిలినచో వాపు వచ్చి పోయెడిది. కవచమే యెముకను విరిచినది. కుడిచేయి. పట్టు విప్పిన పిమ్మట పరీక్షలకు వారము దినములును లేవు. గుండ్రని యక్షరములకు మా పాఠశాలలో పేరుపొందిన యా బాలుడు వంకర యక్షరములతో పరీక్ష వ్రాసి వచ్చెను. ఉత్తీర్ణుడైనాడు; కాని వానికి రావలసిన మార్కులు రాలేదు. వాని తండ్రి మమ్ము ఒక్క మాటయు ననలేదు. అనియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది. కత్తి విసరిన బాలునియందు తప్పు లేదు. ఎవరి చేతికో చేసినదానిని వీని చేతికి దొడిగినది మేము.

ఈ సంవత్సరము ఉపాధ్యాయుల సమావేశమున ఈ ప్రసంగము మరల వచ్చినప్పుడు మూడు మతములు బయలుదేరినవి. యుద్ధఘట్టమును బొత్తిగా తీసివేయుడని కొందరు. అట్టతో తొడుగులు చేసి బంగారు కాగితము అంటింపుడని కొందరు. కత్తిపట్టు పిల్లలకు వారివారి చేతి కొలతకు సరిగా తొడుగులు చేయింపుడని మేము. మా మతము ఖర్చుతో గూడినది గనుక దానికి కారణములు చెప్పవలసినవారము మేమే.

దావీదు సౌలు కవచమును దీసివేసిన సంగతి ఆదివారపు బడికి వచ్చు ప్రతి పిల్లవాడు నెరుగును. సమూయేలు మొదటి గ్రంథము 17వ అధ్యాయమునందలి యీ కథను, లోకపు ఆయుధములు విశ్వాసికి పనికిరావని చూపుటకే బోధకులు సాధారణముగా వాడుదురు. గ్రంథమును నెమ్మదిగా జదివినచో దావీదు చెప్పిన కారణము వేరు. తాను వానిని వాడి యెరుగడు, వానితో నడువలేకున్నాడు. సౌలు ఇశ్రాయేలీయులందరికంటె భుజములు మొదలుకొని పైకి ఎత్తరియని ఆ గ్రంథమే ముందు చెప్పియున్నది. అట్టివాని కవచము గొఱ్ఱెల కాపరి బాలునకెట్లు సరిపడును? మా విద్యార్థి "వేళ్లు తిరుగుతున్నయి" అని చెప్పినది యీ మాటయే. సౌలునకు గల వివేకమైనను మాకు లేకపోయెను; అతడు విప్పుకొననిచ్చెను, మేము గుడ్డలు గూర్చితిమి.

ఒక బాలిక తరగతిలో మమ్మడిగిన ప్రశ్న యిచట జ్ఞాపకము వచ్చుచున్నది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయమున సర్వాంగకవచమును వర్ణించునప్పుడు దట్టి, మైమరువు, జోళ్లు, డాలు, శిరస్త్రాణము, ఖడ్గము అన్నియు వచ్చినవిగదా, చేతులకేమియు లేదేమని యడిగెను. రోమా సైనికుని యెడమచేతిని డాలు కాపాడును. కుడిచేయి తరచుగా వట్టిదియే. క్రీస్తుశకము రెండవ శతాబ్దపు ఆరంభమున డేసియనులతో యుద్ధము చేసినప్పుడు, వారి వంపుకత్తులకు జడిసి కొందరు రోమనులు కుడిచేతికి రేకుల తొడుగులు వేసికొనిరి. ఆదాంక్లిసి యను చోట నిలిపిన విజయస్తంభపు శిల్పములలో అవి కనబడుచున్నవి. దెబ్బ తగిలిన తరువాతనే మనుష్యుడు చేతిని తలచుకొనుచున్నాడు.

మన దేశమున అట్లుగాదు. రామాయణమునందు ధనుర్ధారులకు అంగుళిత్రాణము చెప్పబడినది. అది వింటినారి ఒరిపిడినుండి వ్రేళ్లను గాపాడు తోలుతొడుగు. తరువాతి శతాబ్దములలో దస్తానా వచ్చినది. మోచేతినుండి మణికట్టు వరకు ఉక్కురేకు, దానికి వ్రేలాడుచు చేతి వెనుకను గప్పు గొలుసుల వల లేక మెత్త. ఐరోపావారు పదునాలుగవ శతాబ్దమున వ్రేలు వ్రేలునకు చిన్నచిన్న రేకులు పొదిగిన తొడుగులు చేసికొనిరి. 1361లో స్వీడను దేశపు గోట్లాండు దీవిలో విస్బీయొద్ద జరిగిన యుద్ధమున చచ్చినవారిని గోతులలో పూడ్చిరి; ఇరువదవ శతాబ్దమున ఆ గోతులను త్రవ్వినప్పుడు అట్టి తొడుగులు దొరకినవి. రుద్రమదేవి చేతికి ఐరోపా వీరుని తొడుగు వేయుట చరిత్రమునకు పొసగదని మేమే పాఠము చెప్పుచుందుము. అయినను చరిత్రమా, వ్రేళ్లా యని యడిగినచో మేము వ్రేళ్లనే కోరుకొందుము. రేకులమీద తోలు గప్పినచో చూచువారికి దస్తానావలెనే యుండును.

చేతి తొడుగు చేయుట శిరస్త్రాణము చేయుటవంటిది కాదు. ఒక్కొక్క చేతియందు 27 ఎముకలున్నవి. పిడికిలి బిగించినప్పుడు చేతి వెనుకభాగము సాగును, అరచేతివైపు ముడుచుకొనును. చాచిన చేతిని గొలిచి చేసిన తొడుగు పిడికిలి పట్టనీయదు. పట్టినను కణుపులయొద్ద సందు విడుచును. దెబ్బ సరిగా ఆ సందులోనికే వచ్చును. కాబట్టి కొలత రెండు విధములుగా దీయవలయును. మొదట చేతిని కాగితముమీద బెట్టి పెన్సిలుతో చుట్టు గీయవలెను. పిమ్మట లోపల దొడుగుకొను దళసరి బట్టతొడుగును వేసికొని, తాను పట్టబోవు కత్తిపిడినే పట్టి, కణుపులమీదుగా చుట్టుకొలత, మణికట్టు కొలత, ప్రతి వ్రేలి కణుపునుండి కొన వరకు పొడవు వ్రాసికొనవలెను. బొటనవ్రేలు వేరు దిక్కున దిరుగును గనుక దాని రేకు వేరుగా వ్రేలాడవలెను. అంచులన్నియు వెనుకకు మడిచి నున్నగా ఆకురాయి పట్టవలెను. మా బాలుని వ్రేలు విరిగినది మడువని యంచువలననే యని మరల చెప్పుచున్నాము. మణికట్టుయొద్ద గొట్టము వెడల్పుగా నుండనిచో చేయి త్రిప్పుటయే సాధ్యము కాదు.

ఇట్లు యుద్ధములను మరల నభినయించుట నేడు పుట్టిన వింత గాదు. 1839వ సంవత్సరము ఆగస్టు నెలలో స్కాట్లాండునందు ఎగ్లింటను ప్రభువు పాతకాలపు వీరుల పందెము నొకదానిని నడిపించెను. కవచములకై పెద్దమనుష్యులు లండనులోని శామ్యూలు ప్రాటు అను వర్తకుని యంగడికి బోయిరి. ఖర్చు దెలిసినతోడనే చాలమంది వెనుదీసిరి. మిగిలినవారు పందెమునకు దిగిన దినమున కుండపోతగా వాన కురిసి మైదానమంతయు బురద యయ్యెను. 1966లో అమెరికాలోని బర్క్‌లీ నగరమున ప్రారంభమైన యొక సంఘమువారు పేముతో జేసిన కత్తులతో పోరాడుదురు. చేతికి కవచమో, చేతిని గప్పు పిడియో లేనివానిని బరిలోనికి రానీయరు. (2009నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయుల చేతినుండి తీసివేసిన పేము అక్కడ వీరుల చేతికి జేరినది, మాకేమియు అసూయ లేదు.) 2010లో ఉక్రెయిను దేశపు ఖోటిను కోటయొద్ద మొండియుక్కు కత్తులతో దేశములమధ్య పోటీలును మొదలైనవి. ఇట్టివారు తమ చేతుల గీతలను, కొలతలను పంపి, దూరదేశముల కమ్మరులచేత తొడుగులు చేయించుకొందురు. వయసు వచ్చినవారు, వేడుకకు పోరాడువారు, తమ వ్రేళ్ల విషయమున అంత జాగ్రత్త వహింపగా, మన రక్షణయందుంచబడిన పిల్లలకు అద్దెరేకులు చాలునని మనమెట్లనగలము?

ఇక దూరదేశములవరకు పోనేల? కొలిమి యెరుగని దేశము కాదు మనది. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో గరగించి చేసిన యుక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. జనగామయొద్ద పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో పలికించువారు నేటికిని గలరు. వారి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇత్తడి అందమునకే గాని దెబ్బకు మెత్తన. అంచులయందు పూలపట్టీలకు దానిని వాడి, లోపల ఇనుపరేకు నుంచవచ్చును.

మేము ఊరి కమ్మరియొద్దకు బోయి అడిగితిమి. నాగటికర్రులు, గొడ్డళ్లు, కొడవళ్లు చేయువాడు. వానికి పనియును తగ్గిపోయినది. దాగలిమీద చిన్న రేకుముక్క నొకదానిని వంచి, మావ్రేలిమీద బెట్టి చూచి, జతకు రెండు వేల యైదువందలు, తోలు మీరే తెచ్చుకొనవలెననెను. తోలుపని యెరిగిన పెద్దలు మా సంఘములోనే యున్నారు. మా విద్యార్థులలో కొందరి తాతలు చెప్పులు కుట్టి, మోటబొక్కెనలు కుట్టి బ్రతికినవారు. ఆ పని చెప్పుకొనుటకు పిల్లలు సిగ్గుపడుదురు. రుద్రమదేవి చేతి తొడుగును తన తాత కుట్టెనని ఒక పిల్లవాడు సభలో జూపి చెప్పుకొనగలిగినచో, రెండు వేల యైదువందలు మాకు ఎక్కువగా దోచదు. బేరమాడవద్దని మా కోశాధికారిని ముందుగనే వేడుకొంటిమి.

అభ్యంతరములు రెండు మిగిలినవి. పిల్లల చేతులు పెరుగును, మరు సంవత్సరమునకు తొడుగు పట్టదుగదా యందురు. నిజమే. రేకులను తోలుపట్టీలమీద మేకులతో బిగించుటచేత పట్టీ మార్చి కొంత పెంచవచ్చును. ఆపైన పట్టనిది చిన్న తరగతివానికి వచ్చును, అయితే వాని చేతిని మరల గొలిచి సరిచేసిన పిమ్మటనే. బాలికల సంగతియు నిచటనే చెప్పవలెను. రుద్రమదేవిని శాసనములు రుద్రదేవ మహారాజని పురుషనామముతో బేర్కొన్నవి. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును దెలుపుచున్నది. ఆ పాత్ర ధరించు బాలికకు ప్రతి సంవత్సరమును ఎవడో మగవాని తొడుగు నిచ్చుచున్నాము.

రెండవ యభ్యంతరము బరువైనది. ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసెను. గెత్సేమనే తోటలో పేతురు కత్తిదూసినప్పుడు ప్రభువు దానిని ఒరలో బెట్టుమనెను గదా, ఆయన పేరు బెట్టుకొన్న బడిలో పిల్లలకు కత్తులెందుకని యామె ప్రశ్న. దీనికి పూర్తి సమాధానము మాయొద్ద లేదు. ఓరుగల్లు చరిత్రమును కత్తి లేకుండ చెప్పుట మాకు చేతగాలేదు. 1323లో కోట పడిపోయిన దినమును చెప్పకుండ విడుచుటయు సత్యము కాదు. ఆమె మాటను మన్నించి, పది నిమిషముల ఘట్టమును మూడు నిమిషములకు దగ్గించితిమి. గెలిచినవారు కేకలు వేయు భాగమును దీసివేసితిమి. మిగిలిన మూడు నిమిషములలో ఎవరి వ్రేలును విరుగకూడదు. అట్టతొడుగు కోరువారికి మేము చెప్పునదియు నిదే: అట్ట కంటికి కవచము, దెబ్బకు కాగితము, అది యున్నదను ధైర్యముతో పిల్లలు మరింత గట్టిగా కొట్టుదురు.

వచ్చు శనివారము మధ్యాహ్నము భోజనానంతరము చిత్రలేఖనపు గదిలో కొలతలు తీయబడును. కత్తిపట్టు విద్యార్థులు ఆరుగురు. నలుగురు బాలురు, ఇద్దరు బాలికలు. తలిదండ్రులలో ఎవరైన ఒకరు రావలెనని కోరుచున్నాము. కమ్మరియు వచ్చును. గత సంవత్సరము వ్రేలు విరిగిన మా పూర్వవిద్యార్థి, ఇప్పుడు కళాశాలలో జదువుచున్నవాడు, తానే వచ్చి ప్రతివాని చేతికి మొదట తొడిగి చూచెదనని కబురంపినాడు.