సావిత్రి కథలో సావిత్రి ఎక్కడ?

డిసెంబరు దగ్గరపడితే మా పత్రికకు సావిత్రి మీద వ్యాసాలు రావడం మొదలవుతుంది. ఆమె పుట్టినరోజు డిసెంబరు 6, కన్నుమూసిన రోజు డిసెంబరు 26. వచ్చేవాటిలో ఎక్కువభాగం చావు దగ్గరే మొదలవుతాయి. ఆసుపత్రి మంచం, చిక్కిశల్యమైన శరీరం, ఆ పక్కనే ‘మాయాబజార్’ శశిరేఖ ఫొటో. ఆ రెండింటికీ నడుమ ఆమె చేసిన ముప్పై ఏళ్ల పని రెండు పేరాల్లో ముగిసిపోతుంది. ఈసారి అలాంటి వ్యాసాలు వేసుకోకూడదని నిర్ణయించుకున్నాం. రాసినవాళ్లకు సావిత్రి మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమ మాటునే ఆమె మనకు కనిపించకుండా పోతోందని మా బాధ.

మా చక్కెర ఫ్యాక్టరీ ఊరు గోవాడలో సావిత్రి పరాయి మనిషి కాదు. క్రషింగు జోరుగా నడిచిన రోజుల్లో చెరకు బళ్లు, ట్రాక్టర్లు ఫ్యాక్టరీ కాటా ముందు రాత్రంతా వరసకట్టి ఉండేవి. బండి కిందే కునుకు తీసేవాళ్లు కొందరైతే, చలిమంట చుట్టూ కబుర్లలో పడేవాళ్లు ఇంకొందరు. పంటలు, అప్పులు, పెళ్లిళ్లు అయిపోయాక మాట సినిమాల మీదికి మళ్లేది. ‘‘సావిత్రమ్మ సివరికి గుడిసిలో సచ్చిపోనాదట గదా’’ అని ఎవరో ఒకరు అనడం, మిగతావాళ్లు ‘అయ్యో’ అనడం మామూలే. ఆ ‘అయ్యో’లో కల్తీ లేదు. అయితే అదే రైతు తన బండి మీద చెరకు ‘‘ఎనిమిది టన్నులు ఉంటాదిలే’’ అని ఎవరైనా అంటే ఒప్పుకోడు, కాటా చీటీ చూపించమంటాడు. అంతగా ఇష్టపడిన మనిషి బతుకు విషయంలో ఆ చీటీ మనం ఎందుకు అడగడం లేదు?

గుడిసె మాటే తీసుకుందాం. మధుమేహంతో బాధపడుతున్న ఆమె 1980 మే 11న బెంగళూరులో స్పృహ తప్పారు. ఆ పైన కోమా. 1981 డిసెంబరు 26న మద్రాసులో ప్రాణం పోయేదాకా 19 నెలలకు పైగా ఆ స్థితిలోనే ఉన్నారు. హబీబుల్లా రోడ్డులోని పెద్ద ఇల్లు చేజారిన మాట నిజం. పన్ను బకాయిలు నిజం, సొంత సినిమాల్లో వచ్చిన నష్టాలూ నిజమే. తాగుడు లేదని మేము అనడం లేదు, ఆమెను దగ్గరగా ఎరిగినవాళ్లే ఆ సంగతి చెప్పారు. కానీ 1978లో ‘దేవదాసు మళ్లీ పుట్టాడు’లో నటించింది కూడా ఆమే. 1979లో ‘గోరింటాకు’లోనూ కనిపిస్తారు. అంటే కోమాకు ముందటి ఏడాది దాకా మేకప్ వేసుకుని, సెట్టుకు వెళ్లి, డైలాగు చెప్పి, తన సంపాదన తాను తెచ్చుకున్న మనిషి. వీధిన పడి ఎవరికీ పట్టకుండా పోయిందనే కథలో ఈ పనికి చోటు లేదు. ఆ కథకు కావలసింది ఒక శిఖరం, ఒక పతనం. నడిమి ఏళ్లతో దానికి పని పడదు.

ఈ కథను మనం చాలాకాలంగా బుద్ధి చెప్పడానికి వాడుకుంటున్నాం. ఆడది ఎవరినో నమ్మితే ఇంతే, చేతికి డబ్బొస్తే ఇంతే, ఎముక లేని చెయ్యి అయితే ఇంతే అని. చిత్తూరు నాగయ్యను, సావిత్రిని, రాజబాబును ఒకే దారానికి గుచ్చి ‘సినిమావాళ్ల చివరి రోజులు’ అని చెప్పుకుంటాం. అందులోనూ తేడా ఉంది. నాగయ్య గురించి చెప్పేటప్పుడు ఆయన దానం కథ అవుతుంది. సావిత్రి దగ్గరికి వచ్చేసరికి ఆమె పెళ్లి కథ అవుతుంది. దానం ఆమె కూడా చేసింది కదా.

1968లో ఆమె ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారు. ముఖ్యమైన శాఖల్లో ఆడవాళ్లే పనిచేయాలని పట్టుబట్టి తీసిన సినిమా అది. సంగీతం పి. లీల. గాయనిగా అందరికీ తెలిసిన లీల సంగీత దర్శకురాలిగా పేరు వేయించుకున్న సినిమా ఒకటి ఉందన్న సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది? 1969లో ‘చిరంజీవి’, ‘మాతృదేవత’, 1971లో ‘వింత సంసారం’, తమిళంలో ‘కుళందై ఉళ్ళం’, ‘ప్రాప్తం’. నాలుగేళ్లలో ఆరు సినిమాలు. తెలుగులో తొలి మహిళా దర్శకురాలు ఆమేనని కొందరు అభిమానంతో రాస్తుంటారు, అది నిజం కాదు. భానుమతి ‘చండీరాణి’ని 1953లోనే డైరెక్ట్ చేశారు. సావిత్రి గొప్పదనానికి ఆ కిరీటం అక్కర్లేదు కూడా.

‘మూగమనసులు’లో తాను నటించిన పాత్రనే మళ్లీ వేస్తూ, శివాజీ గణేశన్‌తో తీసిన ‘ప్రాప్తం’ ఆడలేదు. అందరూ వద్దన్నా మొండికేసి తీసింది, దానితోనే మునిగింది అంటారు. ఒక్క సినిమా, ఒక్క మొండితనం, కథ సరి. కానీ అప్పటికే ఎన్నోసార్లు మెగాఫోను పట్టుకున్న మనిషి అది ఒక పూట పంతంతో చేసిందని ఎలా నమ్ముతాం? అది ఆమె ఎంచుకున్న వృత్తి. ఏ సినిమాకు పెట్టుబడి ఎవరిది, పంపిణీ ఎవరికి ఇచ్చారు, పన్ను శాఖ నోటీసులు ఏ ఏడాది ఆదాయానికి వచ్చాయి, లెక్కలు ఎవరు చూసేవారు? ఇవి అడిగిన జీవితచరిత్ర మాకు కావాలి. కన్నీళ్లు పెట్టించే పేజీల కంటే ఈ లెక్కల పేజీలే ఆమెను ఎక్కువ గౌరవిస్తాయని మా నమ్మకం.

ఇక పుట్టిన సంవత్సరం. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిందన్న దానిలో తగాదా లేదు. తండ్రి నిశ్శంకర గురవయ్య ఆమె పసితనంలోనే పోయారు. పెద్దమ్మ ఇంట పెరగడం, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య వెంటబెట్టుకుని మద్రాసు తీసుకెళ్లడం అందరూ ఒకేలా చెబుతారు. సంవత్సరం మాత్రం ఒకచోట 1934, ఒకచోట 1935, మరోచోట 1936, ఇంకోచోట 1937. మూడేళ్ల తేడా ఏపాటిది అనుకుంటాం. జెమినీ గణేశన్‌తో ఆమె పెళ్లి 1952లో జరిగిందని చెబుతారు. 1934లో పుట్టి ఉంటే ఆ ఏడాది డిసెంబరు దాకా ఆమెకు 17 ఏళ్లు. 1937 అయితే 14 ఏళ్లు. ఆయనకు అప్పటికే ముప్పై దాటాయి, పెళ్లీ అయింది. ఆడపిల్ల పెళ్లికి అప్పటి చట్టం పెట్టిన కనీస వయసు 15. ఈ ఒక్క అంకె మీద ఆ ఘట్టం మొత్తం అర్థం మారిపోతుంది. వెన్నెల, పాటలు పెట్టి ఆ పెళ్లిని చెప్పాలా, లేక ఆమెకు అండగా నిలవాల్సిన పెద్దలు ఎక్కడున్నారని అడగాలా అన్నది ఆ అంకెను బట్టే తేలాలి. మనవాళ్లు మాత్రం తమకు నచ్చిన సంవత్సరం వేసుకుని, తమకు నచ్చిన ప్రేమకథ రాసుకుంటూ పోతున్నారు.

కొన్ని కథలకు కాగితం దొరకదు. ‘సంసారం’ (1950)లో నాగేశ్వరరావు ఎదుట నిలబడగానే బెదిరిపోయి పెద్ద వేషం పోగొట్టుకుందని చెబుతారు. అలాంటివి కథలుగానే ఉండనిద్దాం, ఫలానావారు చెప్పారని ఒక మాట చేరిస్తే చాలు. ‘మిస్సమ్మ’ (1955) సంగతి వేరు. ముందు భానుమతితో కొంత తీశారు, నిర్మాత చక్రపాణికీ ఆమెకూ పడలేదు, రెండో కథానాయికగా ఉన్న సావిత్రి పైకి వచ్చారు, సావిత్రి వేషం జమునకు వెళ్లింది. ఇంతవరకు గట్టి నేలే. ఆ రోజు సెట్టులో ఎవరు ఎవరిని ఏమన్నారన్నది మాత్రం చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. దాన్ని కొటేషన్లలో పెట్టి, పక్కనే నిలబడి విన్నట్టు రాసేవాళ్లను చూస్తే మాకు భయం వేస్తుంది.

2018 మే 9న సావిత్రి జీవితం మీద ‘మహానటి’ సినిమా వచ్చింది. నాగ్ అశ్విన్ ఎంతో ప్రేమతో తీశారు, కీర్తి సురేశ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. సావిత్రి పేరు వినని పిల్లలు ‘మాయాబజార్’ వెతుక్కుని చూసేలా చేసిన సినిమా అది, ఆ మేలు మరువలేం. అయితే అందులో సావిత్రి కథను వెతుక్కుంటూ వెళ్లే విలేఖరి మధురవాణి కల్పిత పాత్ర. జెమినీ గణేశన్‌ను చూపించిన తీరుపై ఆయన కుటుంబం నుంచే బహిరంగంగా అభ్యంతరం వచ్చింది. సినిమా తీసేవాళ్లకు కల్పన హక్కు. ఆ కల్పనను ఆధారంగా తెచ్చి వ్యాసం రాసే హక్కు మనకు లేదు. ఈమధ్య వస్తున్న వ్యాసాల్లో సగం సంఘటనలు ఆ సినిమా సీన్లే. పాత పుకారు పోయి కొత్త పుకారు వచ్చింది, అంతకంటే అందంగా.

మనం ఇష్టపడే అబద్ధం ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి తెలుగు సినిమా పుట్టినరోజే సాక్షి. హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు, ఉత్సవాలు జరిపారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలు, రికార్డులు తిరగేసి, ఆ సినిమా సెన్సారు అయిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందనీ తేల్చారు. హెచ్.ఎం. రెడ్డే తీసిన తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న వచ్చింది. పాత తేదీ నిజమైతే మన టాకీ దానికంటే ముందుండేది. ఆ తేదీని ఎవరూ తడిమి చూడకపోవడానికి ఆ ముచ్చట కూడా ఒక కారణమని మా అనుమానం. తేదీ మారాక ‘భక్త ప్రహ్లాద’కు వచ్చిన లోటేమీ లేదు. సావిత్రికీ రాదు.

ఇంతకీ ఆమె గురించి ఎవరూ కాదనలేని ఆధారం మన చేతిలోనే ఉంది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు మాయాశశిరేఖ అయ్యాక ఆమె నడక చూడండి. ఎస్.వి. రంగారావు ఠీవి ఒక క్షణం ఆ భుజాల్లోకి వస్తుంది, మరుక్షణం ఆడపిల్లనన్న సంగతి గుర్తొచ్చి ఒళ్లంతా సర్దుకుంటుంది. 1957 మార్చిలో విడుదలైన నాటికి ఆమె వయసు, ఏ లెక్కన చూసినా, 19కీ 22కీ మధ్య. ఆ వయసులో అంత పట్టు ఎలా వచ్చింది? నాట్యం ఎక్కడ, ఎంతకాలం నేర్చుకుంది? తమిళ ఉచ్చారణ ఎవరి దగ్గర దిద్దుకుంది? ఇంకో చోట, 1960 నాటి ‘చివరకు మిగిలేది’లో, మనసు చెదిరినవారికి సేవ చేసే నర్సుగా ఆమె ముఖంలో నిదానంగా వచ్చే మార్పును ఏ పాఠ్యపుస్తకం నేర్పింది? జీవితచరిత్రకారులు ఇక్కడ మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి. పెళ్లి, అప్పులు, జబ్బు ఆ దారిలో వాటంతట అవే ఎదురవుతాయి.

ఇకనుంచి సినిమావాళ్ల జీవితాల మీద మాకు పంపే వ్యాసాల్లో ప్రతి సంగతీ ఎక్కడ చదివారో, ఎవరు చెప్పారో వాక్యంలోనే రాయమని కోరుతున్నాం. విన్నదైతే విన్నామనే రాయండి, వేసుకుంటాం. బతికి ఉన్న కుటుంబ సభ్యుల గురించి విన్నవి మాత్రం వేయం.

పాఠకులతో ఇంకో పని ఉంది. పాత రోజుల్లో సినిమాహాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లు, సగం దాకా కథ, పాటలు అన్నీ వాటిలో ఉండేవి. ఏ తారీఖున ఏ హాల్లో ఏ ఆట ఉందో చెప్పే కరపత్రాలు ఊరూరా పంచేవారు. చోడవరంలో, మాడుగులలో, అనకాపల్లిలో, మన చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్ల ట్రంకు పెట్టెల్లో అవి ఇంకా ఉండి ఉంటాయి. చెదలు పట్టకముందే చూపించండి. నకలు తీసుకుని భద్రంగా తిరిగి ఇచ్చేస్తాం. ఎక్కడ కొన్నారో, ఎవరితో కలిసి చూశారో గుర్తుంటే ఒక చీటీ మీద రాసి జత చేయండి. ‘చిన్నారి పాపలు’ పాటల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే మాకు ముందు కావలసింది అదే.