బాలగోపాల్‌ను గౌరవించడమంటే

2009 అక్టోబర్ 8న కన్నుమూసిన కె. బాలగోపాల్‌ను లెక్కల అధ్యాపకుడు, న్యాయవాది, హక్కుల కార్యకర్త అని చెప్పి ఊరుకుంటే అసలు సంగతి మిగిలిపోతుంది. చట్టాన్ని పక్కనపెట్టి ఎవరి ప్రాణమూ తీయకూడదన్న సూత్రానికి ఆయన మినహాయింపులు ఒప్పుకోలేదు. ఎన్‌కౌంటర్ జరిగిందంటే పోలీసుల ప్రకటనతో సరిపెట్టుకోక ఊరికి వెళ్లేవారు. మనిషిని ఎప్పుడు, ఎక్కడి నుంచి తీసుకెళ్లారో చుట్టుపక్కలవాళ్లను అడిగి నివేదిక రాసేవారు. అందుకు జైలుకు వెళ్లారు, అపహరణకూ గురయ్యారు.

ఆయనకు పోలీసుల తప్పులే కనిపించాయనేవారు ఇప్పటికీ ఉన్నారు. అది నిజం కాదు. నక్సలైట్ల హింసనూ హక్కుల సంఘం ప్రశ్నించాలని వాదించి, ఏళ్ల తరబడి ప్రధాన కార్యదర్శిగా నడిపిన పౌరహక్కుల సంఘాన్నే వదులుకున్నారు. 1998లో మానవ హక్కుల వేదిక అలా పుట్టింది. రాజ్యహింసనూ తిరగబడ్డవారి హింసనూ ఒకే గాటన కట్టొచ్చా అని పాత సహచరులు నిలదీశారు. ఆ ప్రశ్నలో బలముంది. తుపాకీతోపాటు చట్టం, కోర్టు, ఖజానా కూడా ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. కానీ ఇన్‌ఫార్మర్ ముద్రవేసి చంపేసిన పేదవాడి ఇంటివాళ్లకు ఆ తేడా చెప్పి ఏం లాభం?

అలాగని వేదిక పోలీసులను నిలదీయడం మానలేదు. 2007లో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లి ఆదివాసీ మహిళలు పోలీసులపై అత్యాచార ఆరోపణ చేస్తే వేదిక వారి పక్షాన నిలబడింది. 2023లో ప్రత్యేక కోర్టు నిందితులను వదిలేస్తూనే, దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి మహిళలకు పరిహారం ఇమ్మంది. ఆ దర్యాప్తు అధికారులపై ఏం చర్య తీసుకున్నారని బాలగోపాల్ స్మారక సభలు ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి.