కడలి దాటునప్పటి సన్నాహము

విదేశ విశ్వవిద్యాలయములో ఉద్యోగము వచ్చినదను వార్త మన ఊళ్ళలో పెండ్లివార్త వలె వ్యాపించును. నియామకపత్రము చేతికి వచ్చిన సాయంకాలమే ఇరుగుపొరుగువారు వచ్చి అభినందింతురు. జీతమెంత, చలి ఎంత, విమానములో ఎన్ని గంటలు కూర్చుండవలెనని అడుగుదురు. మరునాటి నుండి ఇల్లంతయు సన్నాహములో మునిగిపోవును. పాస్‌పోర్టు, పట్టాలు, ఉన్నిబట్టలు, కందిపొడి, ఆవకాయ ఒక్కొక్కటిగా జాబితాకు ఎక్కును. పెట్టె ఒక్కింటికి 23 కిలోలకు మించరాదని పలు విమానసంస్థల నియమము. కాబట్టి ఆవకాయ జాడీయా, నిఘంటువా అను ధర్మసంకటము ఒకటి తప్పక ఏర్పడును. సాధారణముగా జాడీయే గెలుచును.

ఇందులో నవ్వుకొనదగినది కొంత కలదు గాని నిందింపదగినది ఏమియు లేదు. చలిదేశమునకు పోవువానికి ఉన్నిబట్ట ఎంత అవసరమో ఇంటి రుచియు అంత అవసరమే. కాని ప్రయాణికుడు అధ్యాపకుడైనప్పుడు ఆ జాబితా చాలదు. కచేరీ ఉద్యోగి బదిలీ అయినచో దస్త్రములను తరువాతివానికి అప్పగించి, రసీదు పుచ్చుకొని పోవును. అధ్యాపకుడు వదలిపోవునది దస్త్రములను కాదు, తరగతిని. ఆ తరగతికి రసీదు ఎవరును అడుగరు. అడుగరు గనుకనే దానిని గూర్చిన సన్నాహమును ఎవరును చేయరు. విదేశోద్యోగమునకు పోవు అధ్యాపకుడు అన్నిటికంటె ముందుగా తలపెట్టవలసిన పని అదియే.

మొదట కాగితముల మాట. ఇవి చిన్నవిగా కనిపించును గాని నెలలకు నెలలు తినివేయును. పత్రముల ధ్రువీకరణమును గూర్చిన హేగ్ ఒడంబడిక భారతదేశమునకు 2005లో అమలులోకి వచ్చినది. అప్పటి నుండి విదేశాంగశాఖ వేయు అపోస్టిల్ ముద్ర ఆ ఒడంబడికకు కట్టుబడిన దేశములలో చాలవాటియందు చెల్లుచున్నది. కాని ఆ ముద్ర కావలెనన్నచో అసలు పట్టా చేతిలో ఉండవలెను. ఉత్తీర్ణులై పదునైదేండ్లు గడచినను స్నాతకోత్సవ పట్టా తెచ్చుకొనక, తాత్కాలిక పత్రముతోనే కాలము గడపినవారు మన కళాశాలలలో అరుదు కారు. వీసా సంగతి అంతకంటె జటిలము. అమెరికాకు సందర్శక విద్వాంసులుగా జె-1 వీసాపై పోవువారిలో కొందరికి, మరల స్వదేశమున రెండేండ్లు నివసించినగాని కొన్ని ఇతర వీసాలు లభింపవను నిబంధన కలదు. హెచ్-1బి వీసాలకుగల వార్షిక పరిమితి విశ్వవిద్యాలయ నియామకములకు వర్తింపదు. అయినను 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని ప్రకటన క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధింపగా, ప్రయాణమునకు సిద్ధపడిన వారెందరో సందిగ్ధములో పడిరి. పరదేశపు ప్రభుత్వము ఒక్క సంతకముతో మార్చగల దానిని నమ్ముకొని, వీసా చేతికి రాకముందే ఇచ్చటి ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చుట వివేకము కాదు.

కాగితముల తరువాత పాఠము. మన కళాశాలలలో పాఠ్యప్రణాళికను విశ్వవిద్యాలయపు సంఘము నిర్ణయించును. ప్రశ్నపత్రమును వేరొకరు కూర్తురు. జవాబులను మరియొకరు దిద్దుదురు. అధ్యాపకుడు నడుమ నిలిచి చెప్పువాడు. అమెరికా విశ్వవిద్యాలయములలో ఈ పనులన్నియు చాలవరకు ఒక్కనివే. చదువవలసిన గ్రంథములేవి, వ్రాయవలసిన వ్యాసములెన్ని, మార్కుల పంపకమెట్లు, ఆలస్యముగా ఇచ్చిన వ్యాసమునకు తగ్గింపు ఎంత అనునదంతయు తరగతి ఆరంభముననే వ్రాసి విద్యార్థుల చేతికి ఈయవలెను. టర్ము చివర విద్యార్థులే అధ్యాపకుని బోధనను గూర్చి తమ అభిప్రాయములు వ్రాసి ఇత్తురు. ఇరువదియేండ్లుగా 'మాస్టారూ' అను పిలుపునకు అలవాటుపడిన చెవికి, పేరు పెట్టి పిలుచు విద్యార్థి మొదట మొరటుగా తోచవచ్చును. అది అమర్యాద కాదు, అచ్చటి మర్యాద అట్టిది.

దీనికి సన్నాహము విమానము ఎక్కిన తరువాత చేయునది కాదు. బయలుదేరుటకు ఒక సంవత్సరము ముందే ఆ అధ్యాపకుడు తన తరగతిలో ఒక చిన్న పాఠ్యభాగమునైనను స్వయముగా రూపొందించి, తానే ప్రశ్నలు కూర్చి, తానే దిద్ది, ఈ మార్కు ఎందుకు వచ్చినదని అడిగిన విద్యార్థికి సమాధానము చెప్పి చూడవలెను. అట్లు చేసినచో అచ్చట తడబాటు తగ్గును. ఇచ్చటి విద్యార్థికి ఒక మంచి టర్ము దక్కును. ఒక్క ప్రయత్నము రెండు దేశములకును ఉపకరించుట సామాన్యమైన లాభము కాదు.

ఇక, తీసికొనిపోవలసిన విద్య మాట. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా ఉండి, 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్యమతములకును నీతిశాస్త్రమునకును ఏర్పడిన స్పాల్డింగ్ ఆచార్యపీఠమును అలంకరించిరి. అప్పటికే భారతీయ తత్త్వశాస్త్రముపై వారి రెండు సంపుటములు, 1923లో ఒకటి, 1927లో ఒకటి, వెలువడియుండెను. వారు అచ్చటికి నేర్చుకొనుటకు మాత్రమే పోలేదు, నేర్పుటకు పోయిరి. వెల్చేరు నారాయణరావు గారు 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి దశాబ్దముల కాలము అచ్చట తెలుగు సాహిత్యము బోధించిరి. డేవిడ్ షుల్మన్ గారితో కలసి వారు కూర్చిన ప్రాచీన తెలుగు కవితా సంకలనము 2002లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా ఆంగ్లమున వెలువడినది. ఇట్టి పనికి మూలధనము ప్రవాసమునకు ముందు తెలుగుదేశములో చదివిన చదువే. ఇంట ఉన్నప్పుడు తన భాషను నిర్లక్ష్యము చేసినవానికి, దానిని గూర్చి పరాయివాడు అడిగిన మొదటి ప్రశ్నయే కష్టమగును. ఇది తెలుగు పండితునికే కాదు, గణితము చెప్పువానికిని వర్తించును. పరదేశమున అతడు తన శాస్త్రమునకు మాత్రమే కాక, తన దేశమునకును ప్రతినిధిగా ఎంచబడును.

ఇప్పుడు అసలు విషయము. మన కళాశాలల సంవత్సరము జూన్, జులైలలో ఆరంభమగును. అమెరికాలో ఆగస్టు చివరను, ఇంగ్లండులో సెప్టెంబరు, అక్టోబరులలోను ఆరంభమగును. కాబట్టి పోవు అధ్యాపకుడు మన విద్యాసంవత్సరము మొదలైన రెండు మూడు నెలలకే తరగతిని వదలిపోవును. పాఠము నాలుగవవంతు కూడ జరిగియుండదు. పేర్లు ఇప్పుడిప్పుడే కంఠస్థమై యుండును. వీడ్కోలు సభ జరుగును, శాలువ కప్పుదురు, ఛాయాచిత్రము తీయుదురు. మరుసటి సోమవారము ఆ గంటలో తరగతి ఖాళీగా ఉండును. పక్కగదిలోని అధ్యాపకుడు వచ్చి రెండు తరగతులను ఒకటిగా కూర్చుండబెట్టును. పరీక్ష నాటికి ఆ విద్యార్థులు బజారులో అమ్ము ప్రశ్నోత్తరముల పుస్తకములను ఆశ్రయింతురు. పరిశోధక విద్యార్థి గతి మరింత కనికరింపదగినది. నాలుగేండ్లు ఒకరి పర్యవేక్షణలో పనిచేసి, సిద్ధాంతగ్రంథము సగము వ్రాసిన తరువాత, ఆ విషయము తెలియని వేరొకరి గది ముందు నిలువబడవలసివచ్చును.

దీనికి ఎవరు బాధ్యులు? పోవు అధ్యాపకుని దేశద్రోహి యని నిందించుట సులభము. మేధావుల వలస యను మాట ఇందులకై ఎప్పుడును సిద్ధముగా ఉండును. కాని ఆ నింద న్యాయమైనది కాదు. పదవులు ఏండ్ల తరబడి ఖాళీగా పడియుండును. డాక్టరేటు పొందినవాడు కాంట్రాక్టు అధ్యాపకుడుగానో, గంటల లెక్కను పైకమిచ్చు అతిథి అధ్యాపకుడుగానో యౌవనమంతయు గడపుచుండును. అట్టివానికి పరదేశము నుండి పిలుపు వచ్చినప్పుడు, 'నీవు పోరాదు' అని చెప్పు అర్హత ఎవరికి కలదు? అతనిని నిలుపుకొనుటకు ఏమియు చేయని సంస్థ, అతడు పోయినందుకు చింతించుటలో అర్థము లేదు.

అయినను సంస్థ తప్పు అధ్యాపకుని కర్తవ్యమును రద్దు చేయదు. ఆ తప్పులో విద్యార్థికి పాలు లేదు. అతడు ఆ గదిలో ఆ గురువును నమ్మి కూర్చున్నాడు. కాబట్టి పోవువాడు చేయదగినవి మూడు కలవు. మొదటిది, నియామకము స్థిరపడినంతనే, దృష్టిదోషము తగులునని దాచక, ప్రిన్సిపాలుకును సహాధ్యాపకులకును తెలుపవలెను. విమానపు టిక్కెట్టు తేదీని తరగతి చివరి దినమున తెలిసికొను దుర్గతి విద్యార్థికి పట్టరాదు. రెండవది, జరిగిన పాఠమెంత, మిగిలినదెంత, ఏ విద్యార్థికి ఎచ్చట సందేహమున్నదో వ్రాసి తరువాతివానికి అప్పగింపవలెను. మూడవది, పరిశోధక విద్యార్థులకు సహపర్యవేక్షకుని ముందుగానే కుదిర్చి, తాను దూరమున నున్నను వారి అధ్యాయములను చదువుచుండవలెను. నేడు ఇందుకు సముద్రము అడ్డు కాదు. విశాఖపట్టణమున వ్రాసిన అధ్యాయము క్షణములో బోస్టను చేరును.

సంస్థలు చేయదగినది ఒకటి కలదు. పోవువానికి తలుపు మూసివేయరాదు. స్థిరోద్యోగులకు జీతములేని సెలవును, పదవిపై హక్కు నిలుపు లీనును ఇచ్చు పద్ధతి కలదు గాని, దానిని అనుగ్రహము వలె గాక విధానముగా పాటింపవలెను. ఆ సెలవుకాలమునకు బదులు అధ్యాపకుని తప్పక నియమింపవలెను. మరలి వచ్చినవాడు అచ్చట నేర్చిన దానిని ఇచ్చట ఆచరణలో పెట్టుటకు చోటు చూపవలెను. మరలి వచ్చినవాని వలన ఏమి జరుగునో తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది స్వదేశమునకు మరలిరి. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్రాచార్యులైరి. అదే సంవత్సరమున వ్యవసాయ పదములతో మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటము వెలువడినది. పరదేశమున నేర్చిన శాస్త్రము రైతుల నోటి మాటలను పోగుచేయుటకు వినియోగపడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి. ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళి, 1948లో మరలివచ్చి, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో మూడు దశాబ్దములు శిష్యులను తీర్చిదిద్దిరి. అటుపిమ్మటనే అమెరికా వెళ్ళి అచ్చటి విశ్వవిద్యాలయములలో బోధించి, 2023లో 102 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి.

అట్లని మరలి వచ్చుటయే యోగ్యతకు కొలత అనుట పొరపాటు. యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టను చేరి, హార్వర్డులోను, పిదప లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేసి, 1948లో అచ్చటనే మరణించిరి. ఆయన కృషి ఫలితమును లోకమంతయు అనుభవించినది. కాని ఆయన స్వదేశమునకు మరలలేదు, భార్యను మరల చూడలేదు. ఆ గొప్పతనమునకు ఆయన ఇల్లు చెల్లించిన మూల్యమును గూర్చి తలచువారు తక్కువ. ఆనాడు ఓడ ప్రయాణము వారముల పని, ఉత్తరము నెలల పని. నేడు తల్లి ముఖము ప్రతి దినము తెరపై చూడవచ్చును. చూచుట వేరు, ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోవుట వేరు. పోవువాడు వృద్ధులైన తల్లిదండ్రులకు ఎవరు తోడో, అర్ధరాత్రి ఎవరికి ఫోను చేయవలెనో, బ్యాంకు పనులకు ఎవరికి అధికారపత్రము ఈయవలెనో స్పష్టముగా నిర్ణయించి పోవలెను. ఇది చెప్పుకొనుటకు ఇబ్బందిగా ఉండును గనుక చివరి దినమువరకు ఎవరును ఎత్తరు. ఎత్తకపోవుట వలన ఇబ్బంది తగ్గదు. పిల్లల తెలుగు కూడ ఇట్టిదే. అచ్చట నేర్పుదమని వాయిదా వేసినవారి పిల్లలు తాతగారితో రెండు మాటలకు మించి మాటలాడలేకపోవుట కనులయెదుట కనిపించుచునే యున్నది. అక్షరములు ఇచ్చటనే పట్టుపడవలెను. అచ్చట ప్రతి రాత్రి ఒక పుట చదివింపవలెను.

మరల పెట్టె వద్దకు వచ్చిన, 23 కిలోలలో ఇమడని గ్రంథములు ఎప్పుడును మిగిలిపోవును. సాధారణముగా అవి అటకమీద చెదలకు ఆహారమగును. వాటిని కళాశాల గ్రంథాలయమునకు ఈయవచ్చును. ఆ పుటల అంచులలో వ్రాసికొన్న వివరణలు ముద్రిత పుస్తకముకంటె విలువైనవి. ఏండ్ల తరబడి వ్రాసిన పాఠముల నోటుపుస్తకములను తరువాతివానికి ఈయవచ్చును. విమానము ఎక్కుటకు ముందు దినము ఆ నోటుపుస్తకములతో ఆ క్రొత్త అధ్యాపకుని పక్కన కూర్చుండి, పాఠము ఎచ్చట ఆగినదో వేలితో చూపి, మరునాడు ఎచ్చట మొదలు పెట్టవలెనో చెప్పిన అధ్యాపకుడు నిశ్చింతగా కడలి దాటవచ్చును. ఆవకాయ జాడీ పెట్టెలో ఉన్నను తప్పు లేదు.