నీరుగంటికి ఐదు నిమిషాలేనా?

అనంతపురం దగ్గర మా అవ్వ వాళ్ల ఊళ్లో నెలకో ఆదివారం బడి వరండాలో ఊరి చరిత్ర మీద ప్రసంగాలు జరుగుతాయి. రిటైరైన టీచర్లు, ఒక పోస్ట్‌మాస్టరు కలిసి నడుపుతున్నారు. మా తాత కూడా అందులో ఉన్నారు. ఏడాది కార్యక్రమమంతా చార్టు మీద రాసి గోడకు అంటించారు. గుడి, బురుజు, శాసనం, పాలెగాళ్లు, చెరువు... మొదటిసారి చూసి నవ్వుకున్నాను, ఇంత చిన్న ఊరికి పన్నెండు నెలల చరిత్రా అని. ఇప్పుడు నా గొడవ వేరు. ఆ చార్టులో మాట్లాడేవాళ్ల పేర్లు సరిగా లేవు.

మొన్న వేసవిలో చెరువు ప్రసంగం రికార్డింగ్ నాకు అప్పజెప్పారు. "పాపా, నువ్వు కంప్యూటర్స్ కదా" అన్నారు తాత. సీఎస్ఈ అంటే ఫ్యాన్ రిపేరు కూడా వస్తుందనుకునే బ్యాచ్ వాళ్లది.

టౌన్ నుంచి వచ్చిన లెక్చరర్ గారు బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ చెప్పారు. చెరువు కట్ట తెగబోతుంటే, ఊరిని కాపాడటానికి బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ గండిలోకి నడిచి వెళ్లిపోతుంది. చాలా బాగా చెప్పారు. అనంతపురం చరిత్ర చెప్పే పాత తెలుగు రాతల్ని సి.పి. బ్రౌన్ ఇంగ్లీషు చేసి 1853లో అచ్చేయించాడని, కట్టమంచి రామలింగారెడ్డి గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకునే రోజుల్లోనే, కాలేజీ తెలుగు సంఘం పోటీ కోసం 'ముసలమ్మ మరణము' రాశారని నాకు ఆ రోజే తెలిసింది. మన క్లబ్ లాంటిదే అన్నమాట!

గంటంపావు అయ్యాక, మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని "నువ్వూ రెండు మాటలు చెప్పు, ఐదు నిమిషాల్లో ముగించు" అన్నారు. ఆయన ఊరి నీరుగంటి. అంటే చెరువు తూము తెరిచి, మూసి, ఆయకట్టులో ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసే మనిషి. కూలి కింద కళ్లం దగ్గర గింజలు కొలిచేవాళ్లట.

ఆయన లేచి, "అమ్మ పోయినాక కట్ట నిలిచింది సార్, సరే. మర్సటేడు ఆ కట్టకు మన్ను ఎవురేసినారో అది కూడా చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత మరవ పారితే రాత్రిళ్లు కట్ట మీద ఎలా కాపలా ఉండేవాళ్లో, నీళ్లు తక్కువైన ఏడు వంతులు ఎలా వేసేవాళ్లో మొదలుపెట్టాడు. ఇంతలో టీ వచ్చేసింది.

నేనేం చేశానో కూడా చెప్పాలి. ముఖ్య అతిథి ప్రసంగం అయిపోగానే, ఫోన్లో స్టోరేజ్ లేదని రికార్డింగ్ ఆపేశాను. ముసలమ్మ కథ గంటంపావు భద్రంగా ఉంది. అది పుస్తకంలోనూ ఉంది. నీరుగంటి చెప్పింది మాత్రం ఎక్కడా లేదు. డాక్యుమెంటేషన్ రాయకుండా సీనియర్ వెళ్లిపోతే ప్రాజెక్ట్ గతి ఏమవుతుందో మనకు తెలియదా!

ఈ మాటే తాతతో అంటే, "ఆయనకు ప్రసంగం చెయ్యడం రాదు పాపా, ఒకటి అడిగితే ఇంకోటి చెప్తాడు" అన్నారు. నిజమే కావచ్చు. అయితే ప్రసంగం ఎందుకు? ఆ ఆదివారం కుర్చీలు, మైకు వద్దు. అందరం ఆయన వెంట కట్ట మీద తూము దాకా నడుద్దాం. దారిలో ఏది కనిపిస్తే దాని గురించి అడుగుదాం. పక్కకు పోతే పోనీ, కాలువలు కూడా తిన్నగా ఏం పోవు. రాజుల గురించి వద్దనడం లేదు. పుస్తకంలో ఉన్నది వచ్చే ఏడు కూడా ఉంటుంది, దాన్ని వెనక్కి జరపొచ్చు. మనుషుల దగ్గర ఉన్నది ముందు పెట్టాలి. మంత్రసాని, కుమ్మరాయన, నాట్లు వేసిన ఆడవాళ్లు... ఆ పన్నెండు వరసల్లో ఒక్క ఆడమనిషి పేరు లేదు, గండిలో పోయిన ముసలమ్మ తప్ప.

నీరుగంటి ఇప్పుడు ఊళ్లో లేడు, బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. వచ్చే ఏడాది చార్టు ఇంకా రాయలేదు. మొదటి నెల ఆయనకే ఇవ్వమని, బస్సు ఛార్జీ నేను పెట్టుకుంటానని తాతకు వాయిస్ మెసేజ్ పెట్టాను. "చూద్దాంలే పాపా" అన్నారు. ఫోన్లో ఎనిమిది జీబీ ఖాళీ చేసి పెట్టుకున్నాను.