చీర కాదు, బతుకమ్మ చుట్టూ చోటివ్వండి

సద్దుల బతుకమ్మ దగ్గరపడితే చాలు, మా హబ్సిగూడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో చందాలు మొదలు. భర్త దెబ్బలు భరించలేక ఆశ్రయ గృహాల్లో తలదాచుకున్న ఆడవాళ్ళకి చీరలు, మిఠాయిలు పంచుదామంటారు. మంచిదే. మరి పంచేటప్పుడు ఫొటో ఎందుకండీ? ఎక్కడుందో తెలియకూడదనే కదా ఆమె అక్కడుంది! మన స్టేటస్ చూసి వాడు గేటు ముందుకొస్తే ఎవరిది బాధ్యత?

బతుకమ్మ అంటే ఆడబిడ్డ పుట్టింటికొచ్చే పండగ. అత్తిల్లు వదిలొచ్చి, పుట్టింట్లో "సర్దుకుపోవే" అనిపించుకున్నదానికి ఈ తొమ్మిది రోజులే మరీ నరకం. అలాంటామె మన కింది వాటాలోనే బిడ్డతో అద్దెకుంటే మనం ఏం చేస్తాం? "మీ ఆయన రాలేదా?" అని ఆరా తీస్తాం. బొట్టు పెట్టి పిలవడానికి వెనకాడతాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18-49 ఏళ్ళ పెళ్ళయిన ఆడవాళ్ళలో వందకు దాదాపు 37 మంది భర్త హింస చవిచూసినవాళ్ళే. అంటే మనతో చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్ళలోనూ ఉన్నారు, చెప్పరంతే.

2005 గృహహింస చట్టం ఆమెకి ఆ ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. 181కి ఫోన్ చేసినా, సఖి కేంద్రానికి వెళ్ళినా సాయం దొరుకుతుంది. కానీ పండగనాడు పక్కన చోటివ్వమని ఏ చట్టమూ చెప్పదు. అది మన చేతిలోనే ఉంది.

ఈసారి ఫోన్లు ఇంట్లో పెట్టి ఆమె తలుపు తట్టండి. "తంగేడు పూలు తెచ్చాం వదినా, కలిసి పేర్చుకుందాం రా" అనండి. సత్తుపిండి పెట్టండి. ప్రశ్నలు మాత్రం వేయకండి.